రెండో చుట్టు

బురుల్ పరుగు మొదలుపెట్టింది నలభై మూడో ఏట. ఆ వయసుకి బిష్కెక్‌లో ఆడవాళ్ళు కోడళ్ళని తెచ్చుకుని, మోకాళ్ళకి మందు రాసుకుంటూ కూర్చుంటారు. ఈవిడ మాత్రం పొద్దున్నే ఆరింటికల్లా తలకి గుడ్డ చుట్టుకుని వీధిన పడేది. మొగుడు కుబాన్ మినీబస్సు నడుపుతాడు. అదే వేళకి బండి బయటికి తీస్తూ, నిన్నెవరైనా తరుముతుంటే చెప్పు, ఎక్కించుకుపోతా అనేవాడు. నాలుగేళ్ళయినా ఆయనగారి హాస్యం అదొక్కటే.

తరిమింది వేరే ఎవరో కాదు, సొంత అన్న తెమిర్‌కుల్. కొండల అవతల కొచ్కోర్‌లో ముప్ఫై ఏళ్ళు బడిలో వ్యాయామం పంతులుగా చేశాడు. ముక్కు మీద కోపం. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని వందల మందిని పరిగెత్తించాడో లెక్కలేదు, ఒక్కరూ పరుగులో నిలబడలేదు. కొందరు మాస్కోలో మంచు ఊడుస్తున్నారు, కొందరు గొర్రెలు కాస్తున్నారు, కొందరు తాగి పోయారు. పదవీ విరమణయ్యాక చేతిలో ఈల, ఎదురుగా ఖాళీ మైదానం మిగిలాయి. అప్పుడు కనబడింది చెల్లెలు. కుట్టు కార్ఖానాలో పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఓవర్‌లాక్ మిషను ముందు కూర్చుని చొక్కాలకి చేతులు అతికిస్తుంది కదా, నడుం పట్టేసి మంచమెక్కింది. చూడవచ్చిన అన్న పలకరించడం మానేసి, "లేచి పరిగెత్తవే, పడుకుంటే తుప్పు పడతావు" అన్నాడు. అలా మొదలైంది.

మొదటి హాఫ్ మారథాన్ రెండు గంటల ఇరవై నిమిషాల్లో ముగించింది. మెడలో పతకం వేస్తే ఆనందం పట్టలేక అక్కణ్ణుంచే అన్నకి ఫోను చేసింది. ఇరవయ్యొక్క కిలోమీటర్లు నడిచావన్నమాట, సంతోషం అన్నాడాయన. ఒళ్ళు మండింది బురుల్‌కి. ఆ మంట మీదే రెండు గంటల పదమూడుకి దిగింది, ఆ పైయేడు రెండు గంటల ఆరుకి. రెండు గంటల లోపు వస్తేనే పరుగని ఆయన పట్టు. ఎవరు చెప్పారు, ఏ పుస్తకంలో ఉంది అంటే, నేను చెప్పాను అనేవాడు.

ఈసారి చలికాలం మొదట్లో మాత్రం మాట మారింది. "ఈ వసంతంలో చేసెయ్యి. వచ్చే ఏడు అనకు" అన్నాడు. అన్న గొంతులో బతిమాలినట్టు వినిపించడం బురుల్‌కి కొత్త. వయసు మీద పడి మెత్తబడ్డాడనుకుంది. ఎంత పిచ్చిదో చూడండి.

బిష్కెక్ చలికాలం సంగతి ఇక్కడ బతికినవాళ్ళకే తెలుస్తుంది. ఇంటింటా బొగ్గు పొయ్యే. తెల్లారుతూనే పొగ నేల మీదికి దిగి కూర్చుంటుంది, ఎదుటివాడి ముఖం ఆనదు. అందులోనే పరిగెత్తేది బురుల్. ముక్కుకి చుట్టుకున్న తెల్లగుడ్డ ఇంటికొచ్చేసరికి నల్లగా మసిబారేది. గాలిలో విషమెంతో చూపించే యాప్ ఫోనులో పెట్టుకుని భయపడేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. ఆమె చూసేది కాదు. చూస్తే ఆగిపోవాలి, ఆగిపోతే అన్నకి ఏం చెప్పాలి?

రోజూ ఆరు కాకముందే ఆయన గొంతు రికార్డయి ఫోనులోకి దిగేది. మంగళవారం ఎనిమిది వందల మీటర్లు ఆరుసార్లు, మధ్యలో ఒంటెలా చతికిలబడకు. గురువారం కిలోమీటరుకి అయిదు నిమిషాల నలభై సెకన్లు, అటూ ఇటూ కావడానికి వీల్లేదు. ఆ వేగంతో చివరిదాకా పోతే రెండు గంటలకి అర నిమిషం ముందే చేరుతావు, ఆ అర నిమిషం నీది, ఏడుస్తావో నవ్వుతావో నీ ఇష్టం. ఆదివారం నెమ్మదిగా పద్దెనిమిది కిలోమీటర్లు. నెమ్మదిగా అంటే నెమ్మదిగానే, కుర్రపిల్లలెవరైనా దాటిపోతే రోషం తెచ్చుకోకు.

జనవరిలో ఆ మాటల మధ్య దగ్గు వచ్చింది. ఫిబ్రవరిలో పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. చలి తగిలిందట. వదిన సైరాని గుచ్చి గుచ్చి అడిగితే, మీ అన్న సంగతి తెలీదా, డాక్టర్లనే పరిగెత్తిస్తున్నాడు అని నవ్వేసింది. చూసొస్తానని బురుల్ బయల్దేరబోతే ఆయనే కేకలేశాడు. ఆదివారాలు బండిలో కూర్చోడానికి కాదు, నా ముఖం ఎక్కడికీ పోదు, పరుగు పోతే రాదు అన్నాడు. ఆమె విన్నది. ఎందుకు విన్నానని తరవాత ఆమె తనని తాను తిట్టుకోని రోజు లేదు. మార్చిలో మాటలు చిన్నవయ్యాయి. ఏప్రిల్ వచ్చేసరికి ఒట్టి అంకెలే వచ్చేవి. ఎనిమిది వందలు, ఆరు. పది, నెమ్మది. అంతే.

కాని బురుల్ కాళ్ళు మాత్రం తేలికయ్యాయి. ఒక గురువారం ఆ అయిదు నిమిషాల నలభై సెకన్ల వేగంతో పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తి, నిలబడి చూసుకుంటే ఇంకా ఊపిరి మిగిలే ఉంది. కార్ఖానాలో ఆ రోజంతా మిషను మీద పాడుకుంటూనే ఉంది. పక్క మిషనామె, ముసలితనంలో ఎవరినైనా తగులుకున్నావా ఏంటి అని దెప్పింది. అన్నకి పొద్దున్నే చెప్పింది. మధ్యాహ్నానికి ఒక ముక్క వచ్చింది. "చేస్తావే. ఇంక నాకు అనుమానం లేదు."

పందెం ఏప్రిల్ చివరి ఆదివారం. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి ఫోను చేస్తే సైరా ఎత్తింది. పడుకున్నాడమ్మా, మందు వేశాను, రేపు అయిపోగానే నువ్వే చెప్పు అంది. గొంతు బొంగురుగా ఉంది. నీకూ పట్టిందా వదినా చలి అంటే, ఆఁ పట్టింది అంది సైరా. ఆదివారం పొద్దున అన్న దగ్గర్నుంచి అంకెలేమీ రాలేదు. పందెం రోజున కొత్తగా చెప్పేదేముంటుందిలే అనుకుని బురుల్ బూట్లు కట్టుకుంది.

పెద్ద మైదానంలో మొదలు, అక్కడే ముగింపు. ఊరి చుట్టూ రెండు చుట్లు. సన్నటి వాన పడుతోంది, పొగ లేదు. రెండు గంటల వేగంతో పరిగెత్తే కుర్రాడొకడు వీపుకి ఎర్ర బుడగ కట్టుకుని ఉంటాడు, వాడికి ముందుంటే చాలు. బురుల్ మొదటి కిలోమీటరు నుంచీ వాడికి ముందే ఉంది. కాళ్ళు చెప్పినమాట వింటున్నాయి. పది కిలోమీటర్లయ్యేసరికి ఇంత హాయిగా ఎప్పుడూ లేననిపించింది. యాభై తొమ్మిది నిమిషాల పది సెకన్లకి మొదటి చుట్టు ముగించడానికి మైదానంలోకి తిరిగింది.

అక్కడ కంచె పక్కన మనవాళ్ళు కనబడ్డారు.

ముందు తెల్ల ఉన్ని టోపీలో అబ్దిల్దా పెదనాన్న, చేతికర్ర మీద ఒరిగి. పక్కన పెద్దమ్మ, ఇద్దరు మేనత్తలు, పినతండ్రి కొడుకు, అందరూ కొచ్కోర్ వాళ్ళే. వాళ్ళ వెనక కుబాన్. ఆదివారం పొద్దున బండి మీద ఉండాల్సిన మనిషి. బురుల్‌కి ఒక్క క్షణం గుండె ఉప్పొంగింది. ఆడదానికి ఈ గంతులేమిటని నాలుగేళ్ళు మూతి తిప్పుకున్న పెద్దమ్మ కూడా తన పరుగు చూడ్డానికి వచ్చింది. చెయ్యి ఊపింది బురుల్. ఎవరూ ఊపలేదు. పెదనాన్న చెయ్యి ఎత్తబోయి దించేశాడు. కుబాన్ నేలకేసి చూస్తున్నాడు.

మనలో చావు కబురు ఫోనులో చెప్పరు. ఒక్కరు చెప్పరు. పెద్దలు పోగై, వచ్చి, ఎదురుగా నిలబడి, మనిషిని కూర్చోబెట్టి చెబుతారు. అమ్మ పోయినప్పుడు బురుల్ మిషను మీదే ఉంది. ఇదే పెదనాన్నతో కలిసి ఆరుగురు కార్ఖానా మెట్లు దిగి వచ్చి వరసగా నిలబడ్డారు. ఎవరూ పెదవి విప్పకముందే పద్నాలుగు మిషన్లూ ఒకటొకటిగా ఆగిపోయాయి. కొచ్కోర్ నుంచి ఇక్కడికి మూడున్నర గంటల దారి. పొద్దున తొమ్మిదికి వీళ్ళిక్కడ ఉన్నారంటే చీకటితోనే బయల్దేరి ఉండాలి. పరుగు చూడ్డానికి ఎవరూ చీకటితో బయల్దేరరు.

పోయిందెవరో ఆమె ఆలోచించనక్కర్లేదు.

కాళ్ళు ఆగలేదు. అదే విచిత్రం. మైదానం దాటి రెండో చుట్టులోకి అవే తీసుకుపోయాయి. ఒక కిలోమీటరు ఇంకా అదే వేగంతో పరిగెత్తింది. మనసులో ఒకటే మాట తిరుగుతోంది. నేను ఆగేదాకా వాళ్ళు చెప్పలేరు. పరిగెత్తేవాళ్ళ వెంటపడి ఎవరూ చెప్పరు. చెప్పేదాకా అన్న ఉన్నట్టే. కొచ్కోర్‌లో మందు వేసుకుని పడుకుని ఉన్నట్టే. ఈ ముప్ఫై సెకన్లూ ఉన్నాడు, తరవాతి ముప్ఫై సెకన్లూ ఉన్నాడు. అలాంటప్పుడు ఎందుకింత తొందర?

పన్నెండో కిలోమీటరు దగ్గర ఆమె నెమ్మదించింది.

ఇరవై వారాలు తొందరపడటం నేర్చుకున్న కాళ్ళకి ఆ నెమ్మది ఎంత కష్టమయిందో చెప్పలేను. మాటిమాటికీ ముందుకు దూకబోతుంటే పట్టి ఆపుకుంటూ వచ్చింది. ఎర్రబుడగ కుర్రాడు వెనకనుంచి వచ్చి, అక్కా, నాతో రండి, ఇంకా సమయముంది అని పిలిచాడు. తలూపింది, వెళ్ళలేదు. వాడు వెళ్ళిపోయాడు, వాడితోపాటు రెండు గంటలూ వెళ్ళిపోయాయి. పదిహేను దగ్గర నడక మొదలుపెట్టింది. నీళ్ళ బల్ల దగ్గర పిల్ల నొప్పా పెద్దమ్మా అని అడిగితే, నొప్పేం లేదమ్మా అని నిలబడి రెండు గ్లాసులు తాగింది. మూడోది చేత్తో పట్టుకుని నడిచింది. ముసలివాళ్ళు దాటిపోయారు, లావుపాటివాళ్ళు దాటిపోయారు. చివరివాళ్ళని ఎక్కించుకునే బస్సు వెనక మూలుగుతూ వస్తోంది. దారంతా అన్నతో మాట్లాడుతూనే ఉంది. ఏం మాట్లాడిందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఎంత నెమ్మదిగా నడిచినా దారికి కొస ఉంటుంది కదా. రెండు గంటల నలభై ఒక్క నిమిషానికి బురుల్ గీత దాటింది. ఒక అమ్మాయి మెడలో పతకం వేసి నవ్వింది. మనవాళ్ళు వానలో అక్కడే నిలబడి ఉన్నారు, తడిసి ముద్దయి. అబ్దిల్దా పెదనాన్న ఆమెని బల్ల మీద కూర్చోబెట్టాడు. నీళ్ళు తాగమన్నాడు. తాగాక ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"తెమిర్‌కుల్ ఇంక మనకి లేడమ్మా. నిన్న పొద్దుగూకే వేళ వెళ్ళిపోయాడు. గుండె దిటవు చేసుకో."

తెలిసిన మాటే. అయినా నోటితో చెప్పాక అది వేరే. మేనత్తలిద్దరూ పట్టుకోకపోతే బురుల్ బల్ల మీంచి కింద పడేదే.

కుబాన్ మినీబస్సులో అందరూ ఎక్కారు. కొచ్కోర్ దారిలో బూమ్ లోయ వచ్చింది. అక్కడ కుబాన్ అద్దంలోంచి పెళ్ళాన్ని చూసి, ఇంక ఆపుకోలేక చెప్పాడు. శుక్రవారమే తెమిర్‌కుల్ అందరిచేతా ఒట్టు వేయించుకున్నాడట. నేను ముందే పోతే దానికి చెప్పకండి, చెబితే ఆగిపోతుంది, ముందు గీత దాటనివ్వండి, దాని సమయం దాన్ని తెచ్చుకోనివ్వండి అని.

బురుల్ ముఖం ఎత్తింది. "మరి మధ్యలో వచ్చి ఎందుకు నిలబడ్డారు?"

ముందు సీట్లో పెదనాన్న టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గుర్రప్పందెమైతే ఆయనకి తెలుసు, గుర్రాలు వెళ్ళి ఒక్కసారే తిరిగొస్తాయి. మనుషులు వచ్చి, చూసి, మళ్ళీ వెళ్తారని ఆయనకెవరు చెప్పారు?

"రెండుసార్లు తిరుగుతారని నాకు తెలీదమ్మా. అయిపోయిందనుకున్నాను" అన్నాడు. ఎనభై ఏళ్ళ మనిషి, ఆ తరవాత కొచ్కోర్ దాకా తల తిప్పలేదు. బురుల్‌కి ఆయన మీద కోపం రాలేదు. తన మీదే వచ్చింది. ఒక్క గంట. అన్న అడిగింది ఆ ఒక్క గంటే. అది ఇవ్వక, ఆయన్ని ఇంకో గంట బతికించుకుందామనుకుంది.

వాకిట్లో ఉన్ని గుడారం వేశారు. బయట మగవాళ్ళు కర్రల మీద ఒరిగి గొంతెత్తి ఏడుస్తున్నారు. లోపల తెర వెనక తెమిర్‌కుల్, తెర ముందు నల్లగుడ్డ కప్పుకుని సైరా, ఆమె చుట్టూ ఆడవాళ్ళు. సైరా రాత్రినుంచీ శోకాలు పెడుతోంది. బడిలో ఈల వేసిన సంగతి, మంచులో పిల్లల్ని పరిగెత్తించిన సంగతి, ఒక్కొక్కటే అందుకుని రాగం తీస్తోంది. బురుల్ లోపలికొచ్చి ఆమె మీద పడింది. ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడ్చారు. ఆ ఏడుపు మధ్యలో సైరా ఆమె చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఎంతలో వచ్చావే? నిన్న మధ్యాహ్నం కూడా అడిగాడు, రేపు ఈ వేళకి తెలుస్తుందా సైరా అని."

బురుల్ తెరకేసి చూసింది. నాలుగేళ్ళలో ఒక్క సెకను కూడా ఆయనకి తప్పు చెప్పలేదు.

"గంటా యాభై తొమ్మిది వదినా" అంది.

సైరా తెర వైపు తిరిగింది. గొంతు పైకెత్తి, నీ చెల్లెలు గంటా యాభై తొమ్మిదిలో వచ్చిందయ్యా, నువ్వు కోరిన వేళకి వచ్చిందయ్యా, లేచి చూడవయ్యా అని శోకం అందుకుంది. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. గుడారానికి ఉన్న అడ్డం ఉన్ని గుడ్డే, లోపలి మాట బయటికి అంతా వినిపిస్తుంది. పొద్దుటినుంచీ వానలో నిలబడి ఆమె కోసం ఎదురుచూసిన అబ్దిల్దా పెదనాన్న తల వంచుకుని విన్నాడు. పక్కనున్నాయన, చేసిందన్నమాట పిల్ల అంటే, "చేసింది" అన్నాడు.