పని చేయొద్దన్న దేశానికి మా మామ

మా మేనమామ బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో పాకం వండే విభాగంలో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరయ్యాడు. నిజామాబాద్‌లో గంజ్ వెనక సొంత ఇల్లు, ఇంటి ముందు దుకాణాలకు కిరాయికిచ్చిన రెండు మల్గీలు, నవీపేట్ వైపు కౌలుకిచ్చిన పొలం ఉండేవి. పిల్లలు లేరు. నేను అదే ఊళ్ళో ఆడపిల్లల బడిలో టీచరుగా చేరి వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. అందుకే డెబ్భైల మొదట్లో జరిగిన ఈ సంగతి చాలావరకు నా కళ్ళ ముందే జరిగింది.

రిటైరయ్యాక కూడా మామ పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎటు పోవాలో తెలియక గుమ్మంలో నిలబడేవాడు. అలాంటి రోజుల్లోనే, ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి మారిషస్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. మామ ఆయన్ని భోజనానికి పిలిచాడు. ఆయన సర్వపిండి విరుచుకు తింటూ, తమ దీవి నిండా చెరుకే అనీ, ఎప్పుడో ఓడలెక్కి వచ్చిన తెలుగువాళ్ళు కూడా ఉన్నారనీ హిందీలో చెప్పాడు. సొంత దేశం నుంచి ఆదాయం వచ్చే పెద్దవాళ్ళను అక్కడ ఉండనిస్తారట. కాకపోతే ఉద్యోగం గానీ, వ్యాపారం గానీ చేయబోమని ఒప్పుకోవాలి.

ఆయన అటు వెళ్ళాడో లేదో మామ మొదలుపెట్టాడు.

"సూసినవా? కూసుని తినెటోల్లకే పర్మిషన్ అంట! మనకు కిరాయి వస్తది, కౌలు వస్తది. ఇంకేం గావాలె?"

ఇల్లు వదిలి రానని అత్త ఏడుస్తుందనుకున్నాను. ఆమె పళ్ళేలు తీస్తూ నెమ్మదిగా అంది.

"ముప్కాల్ దిక్కు నేను పుట్టిన ఊరే ప్రాజెక్టు నీళ్ళల్లకు పోయింది. ఇగ నాకు ఏ ఊరైతేంది? నా రంది ఊరు గురించి కాదు, నీ గురించి. నువ్వు పని చెయ్యకుంట ఉంటవా?"

"ఎందుకుండ? ఉంట!"

"గట్లయితే శివరాత్రి దాకా ఈడ ఉండి సూపెట్టు. ఏ పనీ చెయ్యొద్దు. అప్పుడు నమ్ముత."

మామ దరఖాస్తు పంపించి, వరండాలో పడక్కుర్చీ వేయించుకున్నాడు. మొదటి రోజు బాగానే గడిచింది. ఆ తర్వాత కుర్చీ ఎండలోకి, మళ్ళీ నీడలోకి, అక్కణ్ణుంచి మెల్లగా మల్గీల గోడ వారకు జరిగింది. ఒకనాడు నేను బడి నుంచి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. బట్టల దుకాణం కిరాయిదారు అత్త ముందు నిలబడి లబలబలాడుతున్నాడు.

"అక్కా, దుకాణం నాదా, బావదా? నేను చాయ తాగొచ్చేలోపల బావ నా గద్దె మీద కూసున్నడు! మరాఠోల్లు వస్తే బేరమాడకుంట అడిగిన ధరకే ఇస్తుండు. పైగ జానెడు బట్ట కలిపి సింపుతుండు!"

దుకాణం లోపలి నుంచి మామ గొంతు వినిపించింది. "నేను అమ్ముతలేను. వచ్చినోల్లతోని మాట్లాడుతున్న, అంతే!"

అత్త మామను చేయి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. మామ నావైపు చూసి, చీవాట్లు తిన్న ఒకటో తరగతి పిల్లాడిలా తల దించుకున్నాడు.

అసలు తమాషా చందూర్‌లో జరిగింది. మా దూరపు బంధువు ఒకాయన అక్కడ బెల్లం వండుతుంటే చూడ్డానికి ముగ్గురం పోయాం. అత్త, నేను చెరుకు రసం తాగుతున్నాం. మామ పెనం దగ్గరికి పోయాడు. చేతులు వెనక్కి కట్టుకునే పోయాడు, ఆ మాట నిజం. కాసేపటికి ఆ చేతులు ముందుకొచ్చాయి. పాకం బొట్టు వేళ్ళ మధ్య సాగదీసి చూసి, "ఇగ దించుండ్రి" అన్నాడు. ఇంకా ముదరలేదని వండేవాళ్ళు సందేహించారు. ఫ్యాక్టరీ పెద్దమనిషి మాట కాదనలేక దించారు.

సాయంత్రమైనా బెల్లం గట్టిపడలేదు. అచ్చుల్లోంచి జారి పళ్ళెంలోకి వచ్చింది. బంధువు దానివైపు, మామవైపు మార్చి మార్చి చూశాడు.

"బావా, నీ శెక్కెర సదువు మా బెల్లానికి అక్కరకు రాలె. ఇప్పుడిది రొట్టెలు అద్దుకొని తినాల్సిందే."

తిరుగు ప్రయాణంలో బస్సులో అత్త నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికొచ్చాక మామే బయటపడ్డాడు. "ఓడిపోయిన. నాతోని కాదు. ఆ దేశం మాట మర్చిపో."

"ఎందుకు మర్చిపోవుడు? ఈడ నిన్ను ఆపెటోల్లు లేరు. ఆడ సర్కారే ఆపుతది," అంది అత్త. అప్పుడర్థమైంది నాకు, పరీక్ష పెట్టినామెకే ప్రయాణం మీద ఎక్కువ మోజని.

అనుమతి వచ్చింది. కిరాయి డబ్బు అక్కడికి తెప్పించుకునే ఏర్పాటుకు ఆఫీసుల చుట్టూ తిరుగుతూ మామ చాలా ఉల్లాసంగా గడిపాడు. అది కూడా పనేనని మేమెవరం ఆయనకు గుర్తుచేయలేదు. బొంబాయి దాకా రైలు, అక్కణ్ణుంచి ఓడ.

రెండేళ్ళ తర్వాత నా పెళ్ళికి వచ్చారు. అత్త నల్లబడింది, నిగనిగలాడుతోంది. అక్కడి పక్కింటి తెలుగు ముసలమ్మకు పండగ పాటలన్నీ వచ్చట, మాట్లాడ్డమే సరిగ్గా రాదట. అత్త రోజూ వాళ్ళింటి అరుగు మీద కూర్చుని మాటలు నేర్పిందట. "ఇప్పుడు ఆ ఇంట్ల పిల్లలు కూడా 'గిట్ల రా, గట్ల పో' అంటున్నరు" అని మురిసిపోయింది.

"మరి మామ?" అన్నాను.

"అడగకు బిడ్డా! సముద్రం ఒడ్డున కూసుంటడు. బుద్ధి పుడితే లేస్తడు. మంచినీళ్ళ బిందె అందుకొమ్మంటే సర్కారు కాయిదం సూపెడుతుండు. 'నాకు పని మనా, చెయ్యొద్దు' అంటుండు!"

పందిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న మామ సిగ్గుపడలేదు సరికదా, నవ్వాడు. బంతిలో విస్తర్లు వేయమని మా బాపు పిలిస్తే, "చట్టం ఒప్పుకోదు బావా" అన్నాడు. ఒకప్పుడు గుమ్మంలో తోచక నిలబడ్డ మనిషి ఈయనేనా అనిపించింది. ముఖం తేటపడింది, నడకలో తొందర పోయింది.

మళ్ళీ వెళ్ళేరోజు స్టేషన్‌కు పోయాం. మా అవ్వ తోడబుట్టినవాణ్ణి చూసి ఏడుస్తూ పసుపు మూట అందించింది. అత్త కూడా ఏడ్చింది, కానీ రైలు ఎందుకింకా కదలదని రెండుసార్లు అడిగింది. మామ కిటికీలోంచి మా ఆయన చేయి పట్టుకున్నాడు.

"ఇద్దరూ రాండ్రి. ఒక నెల ఊరికే కూసుందాం."

తప్పకుండా వస్తామన్నాం. మా ఆయనకు సెలవు దొరికినప్పుడు నాకు పరీక్షల పేపర్లు ఉండేవి. నాకు సెలవులొస్తే ఆయనకు ఆఫీసులో ఆడిట్ పడేది. మేం పోనే లేదు.