కారుకు ఒడిబియ్యం

మా అత్తగారింటికి నేనూ ఆ తెల్ల కారూ ఒకే ఏడు వచ్చాం. తెలంగాణ వచ్చిన ఏడది. నేను కొత్తదాన్ని, కారు అప్పటికే ఎవరో వాడి వదిలింది. అయినా దిష్టి తీసింది కారుకే. అత్తమ్మకు ఒక్కడే కొడుకు, ఆడపిల్లల్లేరు. కారును చూడగానే నా బిడ్డ అంది. ఆ వరసన కారు ఆ ఇంటి ఆడబిడ్డ, నేను కోడలిని. ఇక ఎవరి బతుకు ఎట్లా సాగిందో వేరే చెప్పనక్కర్లేదు. ఎండకు దాని మీద పాత చీరలు కప్పేది, వానకు తాటిపత్రి కప్పేది. నేను మాత్రం ఆరేసిన బట్టలు తీయడం కాస్త ఆలస్యం చేస్తే ఆలేరులో ఉన్న మా అమ్మకు ఫోన్ పోయేది.

కారు నడిపేది మామ ఒక్కడే. ఆయన చూపు మందగించింది. కట్టంగూర్ రోడ్డు మీద పడుకున్న బర్రెను స్పీడ్ బ్రేకర్ అనుకుని మెల్లగా ఎక్కించబోయిన రోజున, ఇక అమ్మేద్దామని మా ఆయన తేల్చేశాడు. ఆయనకు బైకు తప్ప రాదు. నాకు లోలోపల పండగే. ఆడబిడ్డ అత్తారింటికి పోతుంటే సంతోషించని వదిన ఉంటుందా?

అత్తమ్మ ఏడ్చి మొత్తుకుని, చివరికి ఒక షరతు పెట్టింది. బిడ్డను మంచింటికే ఇస్తుందట. అక్కణ్ణుంచి సంబంధాలు చూడడం మొదలైంది. తుక్కు వ్యాపారిని గడప తొక్కనివ్వలేదు. ఒకాయన టైర్లను కాలితో తన్ని చూశాడు, అంతే సంగతులు. ఇంకొకాయన దగ్గరికొస్తే మందు వాసనొచ్చింది. ఆఖరికి అచ్చంపేట నుంచి సీతాఫలాల బేరం చేసే మనిషి వచ్చాడు. తాగడు, ఇంటి ముందు రేకుల కొట్టం ఉంది. మంచినీళ్లు అడిగి తాగి, చెంబు కడిగి బోర్లించాడు. అత్తమ్మ అక్కడే ఒప్పేసుకుంది.

కారును తీసుకుపోయే పొద్దున వాడకట్టులోని ముత్తైదువలను అయిదుగురిని పిలిచింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, కొత్త రవికెగుడ్డ సిద్ధం. పుట్టింటి నుంచి పోయే ఆడపిల్లకు కొంగులో ఒడిబియ్యం పోయకుండా ఎట్లా పంపుతామంటుంది. కారుకు ఒడి ఎక్కడుంటుందని మామ అడిగాడు. ఆమె కాసేపు ఆలోచించి ముందు సీటు చూపించింది. దాని మీద రవికెగుడ్డ పరిస్తే అయిదుగురూ నవ్వాపుకుంటూ దోసిళ్లతో పోశారు. కారు కొన్నాయన చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. పాపం, అల్లుడన్నాక అట్లాగే నిలబడాలి. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. కారు మలుపు తిరిగేదాకా చూసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

ఒడిబియ్యాన్ని మెట్టినింట్లో వండి నలుగురికి పెట్టాలి. కొన్నాయన భార్య ఆ పద్ధతి తప్పే మనిషి కాదు. వారం తిరక్కుండానే ఫోన్ చేయించింది, పుట్టింటోళ్లు రాకుండా తాము ఎట్లా తింటామని. పట్టుకుపోవడానికి అత్తమ్మ తీపి గరిజెలు చేసింది, అంటే నాతో చేయించింది. ఇద్దరం దేవరకొండ మీదుగా బస్సులు మారి అచ్చంపేట పోయాం.

కొట్టం ముందు కారుంది. పైన సీతాఫలాల గంపలు, బంపర్‌కు కట్టేసిన మేకపిల్ల. వెనక సీట్లో గుడ్డు పెట్టి ఒక కోడి తాపీగా దిగుతోంది. అత్తమ్మ ముఖం చూసి, ఇవాళ గొడవ ఖాయమనుకున్నాను.

అంతలో ఆ ఇంటామె వచ్చింది. కాళ్లకు నీళ్లిచ్చి, మంచం వాల్చి కూర్చోబెట్టి మొదలుపెట్టింది. మీదానికి తిండి ఎక్కువ, పని తక్కువ అంది. పొద్దున ఎంత పిలిచినా లేవదట. గుట్టదారి ఎక్కమంటే మొండికేసి, నలుగురిలో పరువు తీస్తుందట. వింటుంటే నాకేమీ కొత్తగా లేదు. ఆ గుట్టదారి ఒక్కటి తప్ప తక్కినవన్నీ నా మీద అత్తమ్మ మా అమ్మకు చెప్పినవే.

అత్తమ్మ విరుచుకుపడుతుందని చూశాను. ఆమె తల వంచుకుంది. గరిజెల డబ్బా ముందుకు జరిపి మెల్లగా అంది. "జర సర్దుకోండ్రమ్మా. ఒక్కతే బిడ్డని గారాబంగ పెంచినం. తప్పులుంటె కడుపుల వెట్టుకోండ్రి."

మా అమ్మ మా ఇంటికొచ్చిన ప్రతిసారీ, మంచం అంచున కూర్చుని, అచ్చం ఈ మాటలే అనేది.  ఆ పూట నాకు ఒడిబియ్యపు పసుపన్నం సరిగ్గా దిగలేదు.

తిరుగు బస్సులో అత్తమ్మ గరిజెల ఖాళీ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కారు కోసం దిగులు పడుతోందనుకున్నాను. దేవరకొండ దాటాక, ఆలేరుకు పొద్దుగాల బస్సు ఎన్నింటికని అడిగింది. ఎందుకత్తమ్మా అన్నాను.

"మీ అమ్మను జూసొస్త," అంది కిటికీలోంచి బయటికి చూస్తూ. "నువ్వు గూడ రా. నేనొక్కదాన్నే పోతె, మళ్ల ఏం తప్పు జెప్పనీకి వచ్చిందో అని భయపడతది."