మట్టిగడ్డ ఆమె చేతిలోనే పెట్టారు

మా సీనియర్ గారు పోయారన్న కబురు నాకు కోర్టు వరండాలో, కేసు ఎప్పుడు పిలుస్తారా అని నిలబడి ఉండగా, ఫోన్లో తెలిసింది. ఫోన్ చేసింది మొగల్తూరు అమ్మాయి. ఆయన దగ్గర నా తర్వాత చేరిన జూనియర్. "అక్కా, సార్ ఇక లేరు" అని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. కానీ అంతకంటే ముందు లోపల ఒక మంట రేగింది. ఈ కబురు కూడా ముందు ఆమెకే తెలియాలా?

చదివేవాళ్ళు నన్ను తిట్టుకున్నా సరే. ఆయన్ని తలుచుకుంటే ఆ కుళ్ళు కూడా కలిసే వస్తుంది.

రాజమండ్రి కోర్టులో ఆయన్ని ఎరగనివాళ్ళు తక్కువ. ఎంత చిన్న కక్షిదారు వచ్చినా "ఆయ్, దయచేయండి" అంటూ తనే కుర్చీ జరిపేవారు. కేసు ఓడిపోతే ఆ మాట కూడా తనే చెప్పేవారు, గుమస్తా చేత చెప్పించేవారు కాదు. మధ్యాహ్నం బార్ రూములో పెరుగన్నం, మాగాయ. ఆ మాగాయలో టెంక ఎప్పుడూ మొగల్తూరు అమ్మాయికే. "చిన్నపిల్ల కదమ్మా" అనేవారు. ఆ చిన్నపిల్ల నాకంటే రెండేళ్ళే చిన్న.

ఆమె ఏ మాటకి అర్థం అడిగినా కుర్చీలో వెనక్కి వాలి, తీరిగ్గా, దాని పుట్టుపూర్వోత్తరాలతో సహా చెప్పేవారు. నేను అడిగితే మాత్రం "నువ్వు చూసుకుంటావులేమ్మా" అని ఫైలు నా వైపు తోసేవారు. నేను మొదటిసారి వాదించిన రోజున ఆయన వెనక బెంచీలో కళ్ళు మూసుకుని కూర్చున్నారు. బయటికొచ్చాక "నిద్రపోయారాండీ?" అని అడిగాను. "నువ్వున్నావు కదా, నాకేం పని?" అన్నారు. నాకు ఉక్రోషం వచ్చి ఆ పూట అన్నం తినలేదు.

ఒక ఆదివారం మా ఇద్దర్నీ ధవళేశ్వరం దాటి, లంకలో ఉన్న తన కొబ్బరితోటకి తీసుకెళ్ళారు. కారులో ఆమె మొదలుపెట్టింది. "సార్, పాత ఇంగ్లీషు భూమి చట్టాల్లో సీజిన్ అని వస్తుంది, ఏంటండి అది?" తోటలోకి దిగాక ఆయన చెప్పడం మొదలుపెట్టారు.

"ఒకప్పుడు ఇంగ్లండులోనూ కాగితం రాసుకున్నంత మాత్రాన భూమి చేతులు మారేది కాదమ్మా. అమ్మేవాడూ కొనేవాడూ వెళ్ళి చేలో నిలబడాలి. ఇరుగూపొరుగూ చూస్తుండగా వాడు ఓ మట్టిగడ్డ తీసి వీడి చేతిలో పెట్టాలి. ఇల్లయితే తలుపు గొళ్ళెం పట్టించాలి. అలా దక్కిన స్వాధీనమే సీజిన్. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. పోలీసులు లారీ సీజ్ చేశారంటామే, అది కూడా దీని చుట్టమే. ఇప్పుడు సీజ్ అంటే లాక్కోవడమే మిగిలింది గానీ, అప్పట్లో ఒకరికి స్వాధీనం చెయ్యడం కూడా అందులోనే ఉండేది."

చెబుతూనే వంగి, తడి ఒండ్రుమట్టి గడ్డ ఒకటి పెళ్ళగించి ఆమె దోసిట్లో పెట్టారు. "ఇదిగో, తోట నీదైపోయింది!" అని నవ్వారు. నేను పక్కనే ఉన్నాను. నా ఒక చేతిలో ఆయన గొడుగు, రెండో చేతిలో ఆయన మంచినీళ్ళ సీసా.

ఆ గడ్డని ఆమె చున్నీలో మూటకట్టి తెచ్చుకుని ఆఫీసులో తన బల్ల మీద పెట్టుకుంది. ఇన్నేళ్ళూ దాన్ని చూస్తూనే పని చేశాను. చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది.

ఆయన పిల్లలెవరూ ఈ వృత్తిలోకి రాలేదు. అందుకని ఆయన పోయాక బార్ రూములో అందరిదీ ఒకటే ప్రశ్న. ఆ ఆఫీసు, ఆ కేసులు ఎవరి చేతికి? ఇంకెవరికి, ఆమెకేనని నేను అనుకున్నాను. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక, మేం పిన్నిగారని పిలుచుకునే ఆయన భార్య నన్ను ఆఫీసు గది దగ్గరికి పిలిచారు. చుట్టాలూ వీధివాళ్ళూ చూస్తుండగా నా చెయ్యి పట్టుకుని తలుపు గొళ్ళెం మీద పెట్టారు.

"ఇలా పెట్టమని మీ సార్ ఆస్పత్రిలో ఉండగా చెప్పారమ్మా. ఎందుకో నాకు తెలీదు. 'అది చూసుకుంటుంది' అన్నారు."

అప్పుడు ఏడ్చాను, వెక్కి వెక్కి. ఆ మాట ఆయన ఇన్నేళ్ళుగా నాతో అంటూనే ఉన్నారు. కళ్ళు తుడుచుకుని తలెత్తితే, మొగల్తూరు అమ్మాయి నా చేతినే చూస్తోంది. ఆ చూపు నాకు కొత్త కాదు. ఆ రోజు తోటలో నాదీ అదే చూపు.

ఇప్పుడూ ఇద్దరం అక్కడే పనిచేస్తున్నాం. పొద్దున్నే గొళ్ళెం నేనే తీస్తాను. ఇది తీసుకుని ఆ మట్టిగడ్డ ఇస్తావా అని ఆమెను అడగాలని ఇప్పటికీ అనిపిస్తుంది. అడగను, ఇవ్వదని తెలుసు. మా బల్లలు రెండూ ఆనుకునే ఉంటాయి. గడ్డ బాగా ఎండిపోయింది. ఫ్యాను వేస్తే దాని పొడి కొంచెం కొంచెం రాలి నా బల్ల మీదికి వస్తుంది. నేను తుడవను.