ఆమె కాళ్ళకు తవ్విన గుంత

అరవైల తొలినాళ్ళలో నాకు బ్లాకాఫీసులో ఉద్యోగం. ఆడవాళ్ళకు పని నేర్పినట్టు సంతకం పెట్టే అమ్మ అని జనం అనుకునేవారు. పెట్టకపోవడమే నా ఉద్యోగమని నేను అనుకునేదాన్ని. పైవాళ్ళకు నా మీద ప్రేమ లేకపోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

కొత్తకోటలో ఒక షావుకారుకు నేత షెడ్డు ఉండేది. సర్కారు ఆయనకు మగ్గాలూ నూలూ ఇచ్చి ఒక షరతు పెట్టింది: కూలి ఇళ్ళ ఆడవాళ్ళకు నేత నేర్పాలి, నేర్చినవాళ్ళకు అక్కడే మగ్గం మీద పని ఇవ్వాలి. మా దిక్కు నేత ఇళ్ళలో కూడా ఆడవాళ్ళు నూలు కండెలే చుడతారు. మగ్గంలో కూర్చునేది మగవాడు. షావుకారు కూడా వచ్చినవాళ్ళందరితో కండెలే చుట్టించాడు. దానికి తర్ఫీదెందుకు? ముసలమ్మలు కునికిపాట్లు పడుతూ చుడతారు.

నేను తనిఖీకి పోయిన నాడు మాత్రం మగ్గాల్లో వరసగా ఆడవాళ్ళే. సగం నేసిన బట్ట ముందు, తలలో పూలతో, పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు కూర్చున్నారు.

"సూడుండ్రమ్మా, అందరు నేర్చిండ్రు" అన్నాడు షావుకారు.

చివరి మగ్గంలో ఉన్నామె మట్టి పని ఇంటిది. ఏటా వేసవికి కుటుంబమంతా లారీ ఎక్కి ఎక్కడో డ్యాము పనికి పోయేవారు. ఆమెను నేయమన్నాను. పేక దారం ఉన్న నాడె విసిరింది గానీ, కాలితో తొక్కితే విడిపోవలసిన పడుగు కదలలేదు. వంగి, మగ్గం కింద కాళ్ళు దించే గుంతలోకి చూశాను. తొక్కుడు చెక్కలు అడుగున ఉన్నాయి, ఆమె పాదాలు వాటికి జానెడు పైన వేలాడుతున్నాయి. మగవాళ్ళ కాళ్ళకు తవ్విన గుంతలవి.

"ఏం నేర్చినవు మరి?"

"అందితే గద అమ్మా నేర్చేది!"

పక్క మగ్గంలో కిసుక్కుమన్నారు. నేను కలం మూసి సంచిలో వేశాను. షావుకారు ముఖం మాడింది.

"దేవుడు ఆడోళ్ళకు పొట్టి కాళ్ళిస్తే నన్నేం జెయ్యమంటరు?"

"దేవుణ్ణి తనిఖీ చేసే అధికారం నాకు లేదు. గుంతలో కొంచెం మన్ను పోయించండి."

"నడిచే మగ్గం గుంతల మన్ను పోస్తే అరిష్టమమ్మా! మా తాతల సంది ఎవ్వరు జెయ్యలె."

నమ్మకాల మీద వాదనకు దిగితే పొద్దు గూకుతుందని నాకు తెలుసు. అయినా కాసేపు దిగాను. చివరికి, సరే, కొత్త గుంత తవ్వించమన్నాను. మనుషులు దొరకరన్నాడు.

ఆ మాటకు ఆమె మగ్గంలోంచి లేచి వచ్చింది. "మనుషులు దొరకరా సేటూ? దేశమంత మట్టి తవ్వే పాలమూరుల? గడ్డపార యాడుందో జెప్పు" అని, నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "జర ఆగమ్మా. నువ్వు కాదని రాసి పోతే ఈయన షెడ్డు బందు వెడ్తడు. మేం మళ్ళ లారీ ఎక్కాలె. నిరుడు నలుగురం పోతిమి, ముగ్గురం వస్తిమి."

నాలుగోవాళ్ళు ఎవరని నేను అడగలేదు. అంతదాకా మగ్గం పక్కన కూర్చున్న ఆమె మూడేళ్ళ పిల్ల వచ్చి కొంగు పట్టుకుని వేలాడింది.

ఆమె చీర ఎగ్గట్టి, ఖాళీ జాగాలో గుంత తవ్వింది. మధ్య మధ్య అంచున కూర్చుని కాళ్ళు దించి చూసుకునేది. కాళ్ళు చాపితే పాదం సరిగ్గా అడుగున ఆనేంత లోతు కాగానే గడ్డపార పక్కన పడేసింది. మగ్గాన్ని దాని మీదికి మార్చే పూచీ షావుకారుది. ఆమె నేసిన బట్ట చూశాకే సంతకమని చెప్పి బస్సెక్కాను.

మళ్ళీ పోయేసరికి ఆమె నేస్తోంది. అంచులు వంకర, అయినా బట్టే. సంతకం పెట్టాను. మిగతావాళ్ళ గుంతల కోసం ఇంకా కొన్నాళ్ళు కొట్లాడవలసి వచ్చింది. కొందరు విసిగి మానేశారు కూడా.

ఎండలు ముదిరాక డ్యాము లారీలు పోయాయి. ఆమె మొగుడు పోయాడు. ఆమె, పిల్ల పోలేదు. తనిఖీ అయిపోయింది కదా, ఆ మగ్గం మీద ఎప్పుడూ నేసే మీ బామ్మర్దిని మళ్ళీ కూర్చోబెట్టలేదేమని షావుకారును ఎత్తిపొడిచాను.

"కూసొవెట్టకేం? కూసొవెట్టిన. మోకాళ్ళొచ్చి గదుమకు తగిలె" అన్నాడు విసుగ్గా. "ఆ గుంతల ఆమె తప్ప ఇంకెవ్వరు వట్టరు."