మిషనక్కకు మోటారు

మా వీధిలో మా అక్కను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పిల్లలకూ పెద్దలకూ ఆమె మిషనక్కే. ముందు గదిలో కిటికీ పక్కన తొక్కుడు మిషను, దాని ముందు చెక్క స్టూలు, అటువైపు ఇస్త్రీ బల్ల. మిషను తొక్కుతున్నప్పుడు చీర కింద ఆమె మోకాళ్ళు ఎగసి పడుతుంటే, కూర్చున్న మనిషే ఎక్కడికో నడిచిపోతున్నట్టు ఉండేది. కుట్టు మధ్యలో లేచి గుడ్డ కత్తిరించేది, కుట్టింది ఇస్త్రీ చేసేది, అది పట్టుకుని హుక్కులకూ కాజాలకూ మేడ మీద ఉన్న నా దగ్గరికి మెట్లెక్కి వచ్చేది. కాలుగాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరుగుడు, ఒక్క కేక వేస్తే నేనే దిగి వస్తాను కదా అని విసుక్కునేదాన్ని. నువ్వు దిగి వచ్చేలోపు జాకెట్టు పాతబడిపోతుంది, నేనే నయం అనేది.

ఆ తిరుగుడుకు ఒక కారణం ఉంది. మా అమ్మ చివరికి మంచం పట్టింది. ఆమెకు ఒళ్ళు తుడిచి, నీళ్ళు పోసి, బట్ట మార్చింది అక్కే. నీళ్ళు పోస్తున్నంతసేపూ అమ్మ గోడవైపు తిరిగి ఉండేది, కూతురి మొహం చూసేది కాదు. అది అక్క మనసులో ముల్లులా దిగిపోయింది. అమ్మ పోయిన ఏడాది, గుడ్డ కత్తిరిస్తూ తల ఎత్తకుండానే నాతో అంది.

"నా నీళ్ళు నేను పోసుకున్నన్నాళ్ళూ నేను నేనే. ఇంకొకళ్ళు పోసే రోజు వస్తే, ఆ మనిషి నేను కాదనుకో."

అక్క కొడుక్కి కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే కొట్టు ఉంది. బుద్ధిమంతుడు. తల్లిని కంటికి రెప్పలా చూసుకునేవాడు. ఇంత మంచివాడు కాకపోతే ఈ కథే ఉండేది కాదని నాకు ఇప్పటికీ కోపం. తల్లికి మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయని విన్న వారమే, ఎవరో వదిలేసిన చిన్న మోటారు బాగుచేసి తెచ్చి మిషనుకు బిగించాడు. తోలు బెల్టు విప్పి మేకుకు తగిలించాడు. ఇనప పెడలుకు బదులు కాలి కింద చిన్న బిళ్ళ వచ్చింది. బొటనవేలితో అదిమితే చాలు, మిషను జుయ్యిమని పరుగు తీసేది.

వీధి వీధంతా వచ్చి చూసింది. అదృష్టవంతురాలివి, కడుపులో చల్ల కదలకుండా కూర్చోబెట్టాడు నీ కొడుకు అన్నారు. అక్క కూడా మురిసిపోయింది. నిజం చెప్పొద్దూ, ఆ రోజు నాకూ కాస్త అసూయగానే ఉండింది. మేడ మీద కూర్చుంటే కింది నుంచి వినిపించే టకటకల చోట జుయ్యిమనే మోత వచ్చింది. అది నాకు మాత్రం మొదటి రోజు నుంచీ నచ్చలేదు.

మోకాళ్ళ నొప్పి కొంచెం తగ్గిన మాట వాస్తవమే. దాంతో అక్క కొడుక్కి హుషారు వచ్చింది. ఫ్యాను స్విచ్చు స్టూలు పక్కకు దించాడు. నీళ్ళ కుండ వంటగదిలోంచి ముందు గదిలోకి వచ్చింది. ఇస్త్రీ బల్ల కాళ్ళు కోసి, కూర్చునే ఇస్త్రీ చేసేలా పొట్టిది చేశాడు. కూర్చుంటే వెనక ఆసరా లేదని స్టూలు తీసేసి చేతుల కుర్చీ వేశాడు. సాయంత్రం ఇంటికొచ్చే కోడలు కూడా అత్తగారిని కాలు కింద పెట్టనిచ్చేది కాదు. ఉన్నచోటికే కాఫీ, ఉన్నచోటికే కంచం. ఇంట్లో తీగలు పెరిగిన కొద్దీ అక్క నడక తగ్గింది.

ముందు ఆమె మెట్లెక్కడం మానేసింది. జాకెట్ల మూట కోసం నేనే దిగసాగాను. తర్వాత చెప్పుల చప్పుడు మారింది. ఇంట్లో టపటపమని తిరిగే మనిషి సర్రుసర్రుమని ఈడ్చడం మొదలుపెట్టింది. కుర్చీలోంచి లేవాలంటే ముందుకూ వెనక్కూ ఊగి, రెండు చేతులా అదిమి లేచేది. లేచాక వెంటనే అడుగు వేసేది కాదు. నేల ఎక్కడుందో చూసుకుంటున్నట్టు కాసేపు నిలబడేది.

ఒకరోజు గోడ మీద మరక చూశాను. కుర్చీ నుంచి స్నానాల గదిదాకా, నడుము ఎత్తులో, జిడ్డు చారలా నల్లగా ఉంది. పిల్లలు గీశారా అనుకున్నాను. ఆ ఇంట్లో పిల్లలెవరున్నారు? మరుక్షణం అక్క లేచి అదే చార మీద చెయ్యి ఆనించి నెమ్మదిగా పోయింది. గోడ ఆగిపోయిన చోట, తలుపు సందులో పట్టు దొరక్క చెయ్యి గాలిలో వెతికింది.

గోడను నల్లగా చేస్తున్నావు, సున్నం నువ్వే వేయించాలి సుమా అని వేళాకోళం చేశాను. భయం వేసినప్పుడు నాకు నోరు అలాగే లేస్తుంది. అక్క నవ్వలేదు. నిన్న లేవబోయి మళ్ళీ కుర్చీలోనే పడ్డానే, కుర్చీ లేకపోతే నేలే అని మెల్లగా చెప్పింది.

ఆ సాయంత్రమే కొడుకుని నిలదీశాను. ఆ మోటారు విప్పు, బెల్టు పెట్టు, కుండ ఎక్కడిదక్కడ పెట్టు అన్నాను. కూర్చుని తింటే కొండలే కరిగిపోతాయంటారు, కాళ్ళెంత అన్నాను. వాడు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"తిరిగి తిరిగి పడిపోతే ఎవరు చూస్తారు పిన్నీ? పగలు ఇంట్లో ఎవరుంటారు? లేచే అవసరమే లేకుండా చేస్తాను, పడే ప్రశ్నే రాదు."

"లేచే అవసరం లేకపోవడం కాదురా. లేవగలగాలి."

చెప్పినందుకు నాకు దక్కింది ఒక గంట. మరుసటి రోజు అక్క కుర్చీ చేతికి పొడుగాటి తీగతో ఒక బొత్తాం వేలాడదీసి, గంట తెచ్చి మేడ మీద నా గదిలో బిగించాడు. అమ్మకు ఏం కావాలన్నా నొక్కుతుంది, నువ్వు దిగి వస్తావు అన్నాడు. బొత్తాం అరచేతిలో పట్టేలా, మెత్తటి రబ్బరు తొడిగి, ఎంత ముచ్చటగా చేశాడో. ఇక కిటికీ తలుపు వెయ్యడానికీ గంటే, కింద పడ్డ కత్తెర తియ్యడానికీ గంటే. నేను దిగుతూ ఎక్కుతూ ఉన్నాను. నా కాళ్ళు మాత్రం గట్టిపడ్డాయి.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. కింద మోత ఆగింది. ఫ్యాను ఆగింది. అక్కకు కాస్త విశ్రాంతి దొరికిందనుకుని, వెలుతురు కోసం గుమ్మంలోకి జరిగి కాజాలు కుట్టుకుంటూ కూర్చున్నాను. ఇల్లంతా నిశ్శబ్దం. ఎందుకో దారం మాటిమాటికీ ముడి పడుతోంది. ఒకసారి కిందికి వెళ్ళి వద్దామా అనిపించింది. అవసరమైతే గంట కొడుతుంది కదా అనుకున్నాను.

కరెంటు వచ్చింది. వచ్చిన ఆ క్షణానే గంట మోగింది. మోగి ఆగలేదు. అక్క ఎప్పుడూ అలా నొక్కదు, ఒక్కసారి తట్టి వదిలేస్తుంది. ఇది ఊపిరి తిప్పుకోకుండా మోగుతూనే ఉంది.

ఎలా దిగానో తెలియదు. అక్క కుర్చీకీ కిటికీకీ మధ్య నేల మీద పక్కకు పడి ఉంది. గాలి ఆడటం లేదని కిటికీ రెక్క తెరవబోయిందట. ఆ కాస్త దూరానికి గోడ లేదు. బొత్తాం తీగతో సహా ఆమె పిడికిట్లో ఉంది, వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నొప్పికి కేక పైకి రాక, కరెంటు వచ్చేదాకా ఆమె దాన్ని నొక్కుతూనే ఉంది. పైన నేను కాజాలు కుట్టుకుంటూనే ఉన్నాను. ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీస్తేగానీ గంట ఆగలేదు.

తుంటి ఎముక విరిగింది. నేల తడిగా ఉందా అని డాక్టరు అడిగాడు. లేదన్నాను. ఏదైనా తట్టుకుందా? లేదన్నాను. ఆయన అక్క తొడను దుప్పటి మీంచే చేత్తో పట్టి చూశాడు. ఎముక విరగడం తర్వాత సంగతి, నిలబెట్టే కండే లేదు, ఎన్నాళ్ళ నుంచి నడవడం లేదు అని అడిగాడు.

ఆపరేషన్ అయి ఇంటికి తెచ్చాక, ఆమెకు నీళ్ళు నేనే పోశాను. కోడల్ని రానివ్వలేదు. పీట మీద కూర్చోబెట్టి మొదటి చెంబు పొయ్యగానే అక్క గోడవైపు తిరిగింది. అమ్మలాగే. నాకు ఏడుపు వచ్చింది, నీళ్ళ చప్పుడులో దాన్ని కలిపేశాను.

వ్యాయామం నేర్పే అమ్మాయి వచ్చి మడమలు కదపమంది, కుర్చీ వీపు పట్టుకుని లేచి నిలబడమంది. అక్క కళ్ళు మూసుకుని పడుకుంది. ఇప్పుడిక లేవకపోతే ఇంకెప్పటికీ లేవలేరని ఆ అమ్మాయి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నాకు చెప్పింది. మెల్లగానే చెప్పింది. అక్కకు వినబడనే వినబడింది.

ఆ సాయంత్రం కొడుకు మిషను ముందు చతికిలబడి, ఎవరూ అడగకుండానే మోటారు విప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే, అయినా పైకి అనలేదు. మేకు మీది తోలు బెల్టు ఎండి బిర్రబిగిసింది. నూనె రాసి చక్రానికి ఎక్కించాడు. అక్క మంచం మీంచి చూస్తూ ఉంది.

"నన్ను అక్కడ కూర్చోబెట్టండి," అంది.

చెరోవైపు పట్టి కూర్చోబెట్టాం. పాదాలు పట్టుకుని నేనే పెడలు మీద పెట్టాను. చల్లగా ఉన్నాయి. అక్క సూది కింద ఒక పాత గుడ్డముక్క పెట్టుకుని, చేత్తో చక్రాన్ని కాస్త తిప్పి, తొక్కింది. పెడలు కదలలేదు. మళ్ళీ తొక్కింది. నుదుటి మీద చెమట పట్టింది. మూడోసారి చక్రం కదిలింది, కానీ కాలికి పట్టు చాలక వెనక్కి తిరిగింది. వెనక్కి తిరిగితే ఆ మిషను ఊరుకోదు. దారం పుటుక్కున తెగింది.

ఇక చాల్లే అమ్మా, రేపు చూద్దాం అన్నాడు కొడుకు. అక్క వాడి వైపు చూడలేదు. తెగిన కొసను నాకు అందించింది.

"ఎక్కించవే. నాకు కన్ను ఆనడం లేదు."

ఎక్కించాను. అక్క మళ్ళీ కాలు ఆనించింది. చక్రం ఎటు తిరుగుతుందో తెలియదు. తెగితే మళ్ళీ ఎక్కించడానికి నేను ఇంకో బారెడు దారం లాగి చేత్తో పట్టుకుని నిలబడ్డాను.