ఒక్క రోజు పెద్దవాడు

కరోనా రెండో దఫా సద్దుమణిగిన ఏడాది నన్ను శ్రీకాకుళంలో ఒక జిల్లా కార్యాలయానికి ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంటుగా వేశారు. నియామకాలు, ప్రమోషన్లు, సెలవులు చూసే సెక్షన్ అది. నేను చేరేసరికి జూనియర్ అసిస్టెంటు పోస్టుల భర్తీ నడుస్తోంది. ఆ ఖాళీలు ఏళ్ల నాటివి. వాటి ఫైలు ఆర్థిక శాఖకూ మాకూ మధ్య తిరుగుతూ ఉండిపోయింది. ఫైలుకు వయోపరిమితి ఉండదు.

అభ్యర్థికి ఉంటుంది. నలభై రెండేళ్లు నిండి ఉండకూడదు, బీసీలకు మరో ఐదేళ్ల సడలింపు. వయసును జూలై ఒకటో తేదీకి లెక్కకడతారు. ముందు పరీక్ష రాయిస్తారు, సర్టిఫికెట్లు తర్వాత చూస్తారు.

మెరిట్ జాబితాలో మూడో పేరు అప్పలస్వామిది. పాతపట్నం దగ్గర పల్లె, బీసీ. మా సెక్షన్‌లోనే పద్దెనిమిదేళ్లుగా ఔట్‌సోర్సింగ్ కంప్యూటర్ ఆపరేటరు. ఏ జీవో ఎక్కడుందో అధికారులు కూడా అతన్నే అడిగేవారు. టెన్త్ సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ జూలై ఒకటి. రెండో తేదీ అయితే సరిపోయేది. ఆ ఒక్క రోజుతో నలభై ఏడు నిండిపోయాయి.

పిలిచి అడిగాను.

"మా అయ్యకి తేదీలేటి తెలుస్తాయి సార్? బడిలో ఏసినప్పుడు మేస్టారే రాసీసినారు. మా కలాసులో సగం మంది జూలై ఒకటినే పుట్టినాం" అన్నాడు.

కాంట్రాక్టు ఉద్యోగులకు చేసిన సర్వీసు మేరకు సడలింపు ఉంది. ఔట్‌సోర్సింగ్ వాళ్లు ఏజెన్సీ మనుషులు కనుక వర్తించదు. అతని పద్దెనిమిదేళ్లు సర్వీసు కిందికి రాలేదు. వయసు కిందికి మాత్రం వచ్చాయి.

ఒక్క రోజు సడలించమని నోటు పెట్టాను. ఆ అధికారం ప్రభుత్వానిదే. కొన్నాళ్లకు జవాబు వచ్చింది: "ఒక రోజు వయసు అధికమగుటకు గల కారణములపై అభ్యర్థి సంజాయిషీ జతపరచి పంపవలెను."

అప్పలస్వామి కంప్యూటరు ముందు కూర్చుని ఒకే వాక్యం కొట్టాడు: తాను పుట్టేనాటికి నోటిఫికేషన్ రానందున కటాఫ్ తేదీ తెలియలేదని.

"ఇది పంపితే ఉన్న పని కూడా పోతుంది" అన్నాను.

"మరేటి రాయమంటారు సార్? మీరే సెప్పండి."

చివరికి తేదీ వేసినది బడి మేస్టారని వినయంగా రాసి పంపాం. తిరస్కరిస్తూ రెండు లైన్లు వచ్చాయి.

అనర్హుల జాబితా టైపు చేయాల్సిందీ అతనే. తన పేరు దగ్గర ఆగాడు. "కారణం కాడ 'ఒక్క రోజు' అని కొట్టమంటారా సార్?"

వయోపరిమితి మించినది అని రాస్తే చాలన్నాను. అలాగే కొట్టాడు. సంతకం నేను చేశాను.

ఆ తర్వాత వచ్చిన జనవరిలో మా పదవీ విరమణ వయసును అరవై నుంచి అరవై రెండుకు పెంచారు. నాకు అరవై నిండడానికి కొన్ని నెలలే ఉన్నాయి. నన్నెవరూ ఏ కారణాలూ అడగలేదు. జీవో కాపీలు బల్లబల్లకూ పంచినది అప్పలస్వామే. నాదొకటి పెట్టి, "మీకు మంచిదయినాది సార్" అన్నాడు. అది ఎత్తిపొడుపో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ తెలియదు.

సర్వీసంతా నిబంధనలు చదివాక నాకు తేలింది ఇది. వయోపరిమితిని లోపలున్నవాళ్లు బయటున్నవాళ్ల కోసం రాస్తారు. నేను లోపలున్నాను, అందుకే అరవై రెండు దాకా పనికొచ్చాను.