చెప్పకుండా వచ్చేసిన రోజు

నా చిన్నప్పుడు, మిర్యాలగూడలో మా బియ్యం మిల్లు పరాయివాళ్ల చేతికి పోయిన మరుసటేడు, పక్కింటి ముస్లిం కుటుంబంలో ఒక చావు జరిగింది. మేమంతా పిన్నీ అన్నట్టు ఖాలా అని పిలిచే ఆ ఇంటావిడ తల్లి పోయింది. మిల్లు పోయాక మా గడప తొక్కేవాళ్లు తగ్గిపోయారు. ఖాలా మాత్రం రోజూ మా బావికి నీళ్లకు వచ్చి, మా నాయనమ్మతో కాసేపు కూర్చునేది. నాయనమ్మకు మిగిలిన స్నేహం అదొక్కటే.

ఆ రోజు నాయనమ్మ ఖాలా చేయి పట్టుకుని మధ్యాహ్నందాకా కూర్చుంది. మగవాళ్లు శవాన్ని తీసుకెళ్లాక లేచి, ఒక్క మాటా లేకుండా వచ్చేసి, బావి దగ్గర తలస్నానం చేసింది. మా ఇళ్లలో అంతే.

తర్వాత ఖాలా మా బావికి రావడం మానేసింది. వారం గడిచాక ఆమె ఆడబిడ్డ మా గోడ పక్కన నిలబడి, నాకు వినిపించేటట్టే అంది: "మిల్లు పోయినా బింకం పోలే. పోతూ ఒక్క మాట గూడ చెప్పలే, మేం మనుషులం కానట్టు!"

నాకు రోషం వచ్చింది. లోపలికి పోయి ఆ మాట నాయనమ్మకు చెప్పాను. "మన పద్ధతి మనది నాయనమ్మా, మనం వాళ్లింటికి పోవద్దు" అన్నాను.

"పద్ధతి మనదే. గది ఆమెకెట్ల ఎర్కైతది?" అంది నాయనమ్మ.

మిల్లు ఎందుకు పోయిందో ఊళ్లో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోని మనిషి, తలెత్తుకుని ఆ ఇంటికి నడిచింది.

"మా దిక్కు చావింట్ల పోయొస్తనని చెప్పరు బిడ్డా. మల్ల గసొంటి పనికి రావద్దని."

ఖాలా కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నేనేమో అలిగిండ్రనుకున్న అమ్మా. మా దాంట్ల చెప్పకుంట పోరు. ఖుదా హాఫిజ్ అంటం, దేవుడు సల్లగ సూడాలని."

నాయనమ్మ ఆ మాటను బిగ్గరగా, తప్పుగా పలికింది. ఖాలా నవ్వేసింది. "జర మెల్లగ అమ్మా, గది వడ్లు దంచుడు గాదు!"

మర్నాడు పొద్దున మా బావి దగ్గర ఆమె బిందె చప్పుడైంది.

కొన్నేళ్లకు నాయనమ్మ పోయింది. ఖాలా ఆమె కాళ్ల దగ్గర చాలాసేపు కూర్చుంది. లేచేటప్పుడు ఒక మాట ఆమె పెదవులదాకా వచ్చి ఆగిపోవడం నేను చూశాను. ఏమీ చెప్పకుండా, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

మా ఇంటి పద్ధతుల్లో నేను ఒక్కటీ వదల్లేదు, వదలను. కానీ ఎవరి చావింటికి వెళ్లినా, ఆ ఇంటి పెద్దను పక్కకు పిలిచి అడుగుతాను: "మీ దాంట్ల చెప్పి పోవాల్నా, చెప్పకుండ పోవాల్నా?"